చిరగని యూనిఫాం

ఆ వీధి మలుపులోని దర్జీ బడుల గుణం బట్టల్లో చదివేవాడు. ప్రతి వృత్తీ మనిషికి తనదైన చూపొకటి ఇస్తుంది. వైద్యుడు నడకను, చెప్పులు కుట్టేవాడు మడమను చూసినట్లే, ఇతడు మోకాలి చిరుగును, ఊడిన గుండీని చూసేవాడు.

కూతురు ఆరో తరగతికి వచ్చిన ఏడు, ఆ పేట తల్లిదండ్రులు మూడు బడులలో దేనినైనా ఎంచుకోవచ్చునని అధికారులు చెప్పారు. పక్కవీధి బడి పిల్లల యూనిఫాంలు వారం వారం కుట్టుకు వచ్చేవి, గుడి దగ్గరి బడివి నెలకోసారి. వంతెన అవతలి బడివి ఒక్కటీ వచ్చేది కాదు.

"చూశావా, అక్కడెంత క్రమశిక్షణో!" అన్నాడు భార్యతో.

"బట్టలు బాగుంటే బడి బాగున్నట్టేనా? పిల్లనోసారి అడుగు."

"పదేళ్లదానికేం తెలుసు? నా చూపుకే వంకలా, మహాతల్లీ!"

కూతురు వంతెన దాటింది. ఏడాది గడిచినా దాని స్కర్టు చెక్కు చెదరలేదు. వచ్చినవారందరికీ అతడా సంగతి మురిసిపోతూ చెప్పేవాడు.

పిల్ల పొడుగయిందని ఒక మధ్యాహ్నం ఆ స్కర్టు అంచు మడత విప్పబోయి, అతడు ఆగిపోయాడు. మట్టి మరక లేదు, జారిన పోగు లేదు. కూర్చునే చోట మాత్రం గుడ్డ అరిగి నిగనిగలాడుతోంది.

"మీ బడిలో ఆటలకెప్పుడు వదులుతారమ్మా?"

"వదలరు నాన్నా. అన్నం కూడా బల్ల దగ్గరే. మాట్లాడితే నిలబెడతారు."

"ఏడాదంతా చెప్పలేదేం?"

"నువ్వందరికీ గొప్పగా చెప్తున్నావు కదా."

మెట్లమీద ఎగిరి దూకే పిల్ల ఎప్పటినుంచి చప్పుడు చేయకుండా నడుస్తోందో అతడికి జ్ఞాపకం రాలేదు. భార్య నాలుగు మాటలంటుందనుకున్నాడు. ఆమె లోపలినుంచి వచ్చి ఆ స్కర్టును మడతపెట్టింది. అదే అతణ్ణి ఎక్కువ కోసింది.

"బడి మార్చుకోడానికి రేపటిదాకా గడువుంది," అన్నదామె.

అతడు మిషను ముందునుంచి లేచి, కూతురికి ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"ఏ బడికి వెళ్తావు తల్లీ?"

"నువ్వేది చెప్తే అదే."

"ఈసారి నేను చెప్పను."

పిల్ల తల్లివైపు, గోడవైపు చూసింది. "తప్పు చెప్తే?"

"తప్పు చేసినవాణ్ణి నేనిక్కడే ఉన్నాను కదమ్మా. నీకేం భయం?"

అది నవ్వలేదు.

బయటినుంచి ఎవరో పిలిచారు: "దర్జీగారూ, నా చొక్కా అయిందా?"

"రేపు రండి," అన్నాడతడు, కూతురి ముఖంమీదనుంచి చూపు తిప్పకుండా. "నువ్వాలోచించుకో అమ్మా. నేనెక్కడికీ పోను."