కర్పూరం పట్టని వరహాలమ్మ

వరహాలమ్మకు దేవుడి మీద నమ్మకం పోవడానికి ఏ కష్టమూ కారణం కాదు. మొగుడు సముద్రంలో పోలేదు, రోజూ ఇంటికి వచ్చి ఆమె చేత తిట్లు తింటున్నాడు. పిల్లలు బాగానే ఉన్నారు. సంతబొమ్మాళి మండలంలోని ఆ మత్స్యకారుల ఊళ్లో ఈ సంగతి ఎవరికీ మింగుడుపడదు.

"ఏటయిందే నీకు? ఎవులేటి సేసినారు?" అని ఆడవాళ్లు జాలిగా అడుగుతారు.

"ఏటీ అవనేదు. ఆలోసించినాను, లేడనిపించింది. అంతే."

టెక్కలి వీధుల్లో చేపలమ్మి బతుకుతుంది. నిన్నటి చేపను నిన్నటిదని చెప్పే అమ్ముతుంది. గంగమ్మ పండక్కి అందరితోపాటు వెళ్లి వంట చేస్తుంది, తింటుంది, మొక్కదు. "మొక్కకుండా కూర తింతన్నావు, సిగ్గులేదేటే" అని వదిన దెప్పితే, "మేకకి లేని పట్టింపు నీకెందుకొదినా" అని ఇంకో ముక్క వేయించుకుంటుంది.

ఒకసారి టెక్కలిలో నాస్తికులు కొందరు మైకు పెట్టి, నిప్పుల మీద నడిచి, అందులో మహిమ లేదని చూపించారు. గంప దించి చూసింది. నడక నచ్చింది. తర్వాతి ఉపన్యాసం ఎంతకీ తెమలకపోయేసరికి, "పూజారైతే ప్రసాదమైనా పెడతాడు" అని గంప ఎత్తుకుంది.

తమ్ముడు కామేశ్ సరుకు ఓడల్లో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడు అక్కను కూర్చోబెట్టి చెప్పాడు.

"నీలాటోళ్లు మా ఓడ నిండా ఉన్నారప్పా. వంటోడిది చెక్ దేశం. ఆడికి దేవుడి మాటే ఎత్తాలనుండదు, మనం మంచు గురించి మాటాడుకోనట్టు. జపానోడు గుడికెల్తాడు, గంట కొడతాడు. దేవుడున్నాడేటిరా అంటే నవ్వుతాడు. నైజీరియా ఇంజినీరుకి నమ్మకం లేదు గానీ, ప్రతి ఆదివారం తల్లికి ఫోన్ చేసి సర్సికెల్లొచ్చినానని సెప్తాడు. తమిళోడికైతే దేవుడు లేడనడం తాతల నాటి నుంచీ వంశపారంపర్యం. నల్ల సొక్కా తొడిగి అందరితోనూ దెబ్బలాడతాడు."

"ఇన్ని రకాలా?" అంది వరహాలమ్మ. "మరి నాదేటి రకం?"

"నీది ఏ రేవులోనూ నాకు దొరకలేదు."

తమ్ముడు మళ్లీ ఓడెక్కేశాడు. వేట నిషేధం ముగిసి ఫైబరు బోట్లు నీళ్లలోకి దిగే రోజుల్లో గొడవొచ్చింది. ఇసకలో ఆరబెట్టిన త్రినాథరావు వలను ఎవరో కోసేశారు. కోడి కూసినప్పుడు చూస్తే బాగుంది, పొద్దు పొడిచేసరికి ముక్కలు. నింద ఢిల్లీబాబు మీద పడింది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, తండ్రి లేడు, అంతకు రెండు రోజుల ముందే త్రినాథరావుతో బోటు వాటా విషయంలో తగాదా పడ్డాడు. త్రినాథరావు బావమరిది గౌరీశంకర్, ఢిల్లీబాబును వల దగ్గర కళ్లారా చూశానన్నాడు.

నేరం రుజువైతే ఆ ఏడాదంతా ఢిల్లీబాబు సముద్రంలోకి వెళ్లకూడదు. ఎవరూ బోటెక్కించుకోరు. అతనికీ తల్లి బొడ్డమ్మకీ మరో ఆధారం లేదు.

ఆ తెల్లవారుజామున ఢిల్లీబాబు వరహాలమ్మ ఎండుచేపల గంపలు రోడ్డు దాకా మోసుకొచ్చి, ఆటో వచ్చేదాకా కల్వర్టు మీద ఆమెతోనే కూర్చున్నాడు. అది చూసినవాళ్లు మరెవరూ లేరు.

కులపెద్ద గంగమ్మ గుడి ముందు తగవు పెట్టాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని చెప్పాలి. ఆ ఊరి కట్టుబాటు అది. గౌరీశంకర్ పట్టాడు, చెప్పాడు, చెయ్యి దులుపుకున్నాడు. వరహాలమ్మ వంతు వచ్చింది.

"పట్టను మావా. సూసింది సెప్తాను, ఇనండి. కోడి కూసిన కాడ్నించి పొద్దు పొడిసీదాకా ఢిల్లీబాబు నాతోటే రోడ్డు మీదున్నాడు."

జనం గోలపెట్టారు. బొడ్డమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఒలే, నీకు దేవుడు లేడు కదే. ఇంక నీకు కర్పూరమైతేనేటి, కొవ్వొత్తైతేనేటి? నా కొడుకు కోసం పట్టీవే."

"నాకేటీ కాదు కాబట్టే పట్టను. దానికి నాను బయపడతన్నానని మీరు నమ్ముతారు. అది మోసం కాదేటి?"

"బయం లేనిదాని మాట మేమెందుకు నమ్మాలే?" అన్నాడు పెద్ద. అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

వరహాలమ్మ కొంగు బిగించింది. "గంగమ్మ ఉన్నోళ్లకి దారుంది మావా. అబద్దమాడి, ఎనకనే కోడిని కోసి, అమ్మా తప్పయిపోనాదంటారు. ఆ తల్లి ఒగ్గేత్తాది. నానెవులికి సెప్పుకోవాల? నానబద్దమాడితే అది సచ్చీదాకా నాకాడే ఉండిపోతాది. ఇప్పుడు సెప్పు, ఎవులి మాట గట్టిది?"

ఆడవాళ్ల వైపు నుంచి గౌరీశంకర్ భార్య భవాని మెల్లిగా లేచింది.

"అందుకేనేటి మన పుంజు కాలికి పసుపుగుడ్డ కట్టినావు? ఎందుకని అడిగితే సెప్పలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద నవ్వలేదు. "ఒరే శంకరా, కోడిని ముందే మొక్కేసుకున్నావేట్రా?"

గౌరీశంకర్ ఇసక వైపు చూశాడు. "సీకట్లో సరిగ్గా అవుపడనేదు. ఆడే అనుకున్నాను."

"అనుకున్నావా, సూసినావా?"

"అనుకున్నాను."

ఢిల్లీబాబు వేటకు వెళ్లొచ్చని పెద్ద తేల్చేశాడు. బొడ్డమ్మ గుళ్లోకి పరుగెత్తి కుంకం పళ్లెంతో వచ్చింది. వరహాలమ్మ కాళ్ల మీద పడబోయింది.

"అమ్మే నీ మీదకొచ్చినాది. గంగమ్మే నీ నోట పలికినాది తల్లీ."

ఊరంతటికీ ఊపిరి ఆడింది. ఇంతసేపూ తేలని లెక్క ఇప్పుడు తేలింది. "అదీ సంగతి," అన్నాడు పెద్ద. "లేపోతే ఇంత మాట దీనికెలా వత్తాది?" చేతులు జోడించడానికి కూడా ఇద్దరు ముగ్గురు సిద్ధపడ్డారు. ఆమె కాదనకుండా ఊరుకుంటే చాలు. పండగలో ముందు వరస, ఊళ్లో మర్యాద, ఇక జన్మలో ఎవరూ దెప్పరు.

వరహాలమ్మ రెండడుగులు వెనక్కేసింది.

"ఎవులూ రాలేదు. సెప్పింది నాను. రేపు ఇంకోడి మీద నిందపడితే మళ్లీ నన్నే పిలవాల. అప్పుడూ కర్పూరం పట్టను."

"పండగలో నీకు కూడెట్టరే మొండిదానా," అన్నాడు పెద్ద.

"ఎట్టొద్దు. మాట నాదని ఒప్పుకోండి."

బొడ్డమ్మ పళ్లెం పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది. ఒకవైపు గుడి, ఒకవైపు ఈ మనిషి.

"కుంకం లోపలెట్టీ బొడ్డమ్మా," అంది వరహాలమ్మ. "నీ కొడుకుని ఎవులు కాసినారో సెప్పు, సాలు."

"నువ్వేలే," అంది బొడ్డమ్మ గొణుగుతూ.

"అందరికీ ఇనబడాల."

బొడ్డమ్మ కొడుకు వైపు చూసింది. గుడి వైపు చూడలేదు.

"వరహాలమ్మే సెప్పినాది," అంది గట్టిగా.