శనివారం డ్రిల్, సింహాచలం దాదా లేడు

నిన్న పొద్దున్న భవానీపూర్‌లో మెట్రో దిగి, మెట్లెక్కి పైకి రాగానే ఫోన్ మోగింది. వదిన, అంటే దాదా భార్య.

"కుమారీ, మీ దాదా పోనాడే. తానానికి ఎల్లినోడు అక్కడే పడిపోనాడు."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా?

"మరి శనివారం డ్రిల్?"

ఛీ. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఫుట్‌పాత్ మీద అలాగే నిలబడిపోయాను. ఆఫీసుకు వెళ్ళాలా, ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్ళింటికి పరిగెత్తాలా, ఏ బస్సు ఎక్కాలి... ఏదీ తట్టలేదు. రోజూ వెళ్ళే దారే.

సింహాచలం దాదా తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. ఏక్‌బాల్‌పూర్‌లో పెరిగిన డాక్‌లో, అంటే ఓడరేవులో, పనిచేసిన కూలీ కొడుకు. వాళ్ళది శ్రీకాకుళం. ఆఫీసుల్లో ట్రైనింగ్ ఇచ్చేవాడు. కరెంటు పోయినా, బంద్ పడినా, కంప్యూటర్లన్నీ ఒకేసారి చచ్చిపోయినా పని ఆగకుండా ఎలా నడపాలి, ఆగితే మళ్ళీ ఎలా లేపాలి అని. నిజంగానే అన్నీ ఆపేసి చేయించే ఆ రిహార్సల్‌నే డ్రిల్ అంటారు.

బిజినెస్ కంటిన్యుటీ, డిజాస్టర్ రికవరీ అని పెద్ద పెద్ద పేర్లు. మా అమ్మయితే "అపశకునం మాటలు నేర్పే మాస్టారు" అనేది.

నేను పనిచేసే బ్లడ్ బ్యాంక్‌కి ఆయన మొదటిసారి వచ్చిన రోజు మర్చిపోలేను.

"ఈ ఆఫీసులో అన్నీ తెలిసిన మనిషి ఎవరు?" అని బెంగాలీలో అడిగాడు. అందరూ నన్ను చూపించారు. నేను లోలోపల పొంగిపోయాను.

"అయితే ఈవిడ ఇవాళ లేరు" అన్నాడు.

నా ఫోన్ లాక్కున్నాడు. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నాడు. లోపల మెయిన్ స్విచ్ ఆపించాడు.

మా వాళ్ళు అటూ ఇటూ పరుగులు. జెనరేటర్ గది తాళంచెవి ఎవరికీ దొరకడం లేదు. అరుపులు రోడ్డు దాకా వినిపిస్తున్నాయి. ఫ్రిజ్‌లలో రక్తం ఉంది, దాని కోసం ఎక్కడో ఎవరో ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నారు, ఈ మనిషేమో ఊదుకుంటూ టీ తాగుతున్నాడు!

ఒళ్ళు మండి తెలుగులో తిట్టేశాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను.

ఆయన మట్టి కప్పు బుట్టలో పడేసి నా వైపు తిరిగాడు. "ఏటమ్మా, మనోలేనా! సరేగానీ, ఆ తాళంసెవి ఎక్కడుంటాదేటి?"

నా హ్యాండ్‌బ్యాగులో.

రెండేళ్ళుగా నా హ్యాండ్‌బ్యాగులోనే. పోతుందేమోనని ఇంటికి కూడా పట్టుకెళ్ళేదాన్ని.

ఆ రోజు నుంచి ఆయన నాకు దాదా, అంటే బెంగాలీలో అన్నయ్య.

ఇంకోటి. బంద్ రోజు మా వ్యాన్ డ్రైవర్ ఇంటి నుంచి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో ప్లాన్‌లో రాశాం. గంట అని. దాదా ఒప్పుకోలేదు. ఒక ఆదివారం డ్రైవర్‌తో పాటు నన్ను కూడా డాక్ అవతల ఉన్న అతని ఇంటి నుంచి నడిపించాడు.

సరిగ్గా మేం వచ్చేసరికి ఓడ కోసం బ్రిడ్జి పైకి లేపేశారు. ఎండలో నిలబడ్డాం, నిలబడ్డాం, నిలబడుతూనే ఉన్నాం.

"మా అయ్య రోజూ ఇక్కడే నిలబడీవోడు. ఇది మీ ప్లాన్‌లో నేదు గదా!" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు అసలు విషయం.

పోయిన వారం, ఈ శనివారం డ్రిల్ పని మీద వచ్చి, మా మెట్లు ఎక్కుతూ దాదా సగంలో కూర్చుండిపోయాడు. ముఖమంతా చెమట. ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నాడు. డాక్టర్ దగ్గరికి పద అన్నాను. గ్యాస్ అన్నాడు.

"మీ వదినకి మాత్రం సెప్పకు. ఇల్లు కదలనివ్వదు. డ్రిల్ అవనీ, నానే ఎల్లి సూపించుకుంటాను. ఒట్టెయ్యి."

వేశాను. నా బుద్ధి గడ్డి తింది.

నిన్నంతా వదిన నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే నాకు ఇదే ఆలోచన. చెప్పకపోతే రేపటి నుంచి ఆవిడ ముఖం ఎలా చూడను? చెప్తే "తెలిసీ నోరు మూసుకున్నావా" అని అడగదా?

ఇవాళ పొద్దున్న వెళ్ళి చెప్పేశాను. మాట తడబడి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

వదిన తిట్టలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండును అనిపించింది.

నా చెయ్యి పట్టుకుంది.

"నాకూ తెలుసే అమ్మా. పది రోజుల కిందట ఇంట్లో ఇలాగే కూకుండిపోనాడు. ఆసుపత్రికి ఎల్దారి అన్నాను. 'కుమారికి సెప్పకు, డ్రిల్ ఆపేస్తాది' అన్నాడు. నానూ ఒట్టేసినాను."

ఒక్క ఫోన్ కాల్. మా ఇద్దరిలో ఎవరు చేసినా సరిపోయేది. ఇద్దరం కలిసి రెక్క పట్టుకుని లాక్కెళ్ళేవాళ్ళం.

మా మేనేజర్ డ్రిల్ వాయిదా వేద్దామా అని అడిగాడు. వదినే వద్దంది. "ఆపకే. దానికోసమే గదా ఇంత సేసినాడు" అంది. ఆ మాటలో కోపం ఎంతో, ప్రేమ ఎంతో నాకు తెలియదు.

వదినా, నీకు చదివి వినిపించాకే ఇది పెడుతున్నాను.

శనివారం నేనే నడిపిస్తాను.

దాదా, నీ మీద పట్టరానంత కోపంగా ఉంది. అయినా ప్రశాంతంగా పడుకో. ఎక్కడున్నా ఏ నొప్పీ నీ దగ్గరికి రాకూడదు. వస్తే మాత్రం, నీకు దణ్ణం పెడతాను, పక్కనున్న వాళ్ళకి చెప్పు.