థర్డ్ గేరు రింగు, ఏసురత్నం బాబాయ్

నిన్న పొద్దున రాణి అక్క ఫోన్ చేసింది. "నాన్న చనిపోయాడే" అంది.

"ఇవాళ పెందలాడే షెడ్డుకి రమ్మన్నారు కదక్కా" అన్నాను. ఆయన బతికే ఉన్నారనడానికి అదేదో సాక్ష్యమైనట్టు.

రాణి అక్క వాళ్ల నాన్న, ఏసురత్నం బాబాయ్. ఆటోనగర్‌లో పాత కార్ల గేర్‌బాక్సులు బాగుచేసేవారు. సొంత బాబాయ్ కాదు, మా నాన్న స్నేహితుడు.

మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు. డిప్లొమా అయ్యాక, ఆడపిల్లకి గ్యారేజీలో పనేంటని అందరూ పంపేస్తే ఈయన ఉండమన్నారు. "ఇంజినీరు గారూ, ఆ పానా ఇలా ఇవ్వండి" అని రోజూ ఏడిపించేవారు.

నిన్న సాయంత్రం గుణదలలో మట్టి వేసి వచ్చినప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ పోస్ట్ మూడుసార్లు రాసి చెరిపేశాను.

ఒక విషయం చెప్పాలి.

గేరు మార్చేటప్పుడు లోపల ఒక ఇత్తడి రింగు పళ్లచక్రాన్ని రాసుకుని, రెండింటి వేగాలు కలిశాకే పళ్లు కలవనిస్తుంది. మరీ గట్టిగా పట్టుకుంటే అతుక్కుపోతుంది. పట్టు చాలకపోతే గర్రుమంటుంది. తొలినాటి డిజైనర్ల తంటా అంతా ఆ రెండింటి మధ్యే. చాలా పాత కార్లలో ఫస్ట్ గేరుకి అసలు రింగే లేదు.

"ఎందుకు బాబాయ్?"

"ఫస్ట్ వేసేది బండి ఆగాకే కదమ్మా. చోటు కలిసొచ్చింది, ఖర్చు కలిసొచ్చింది. కష్టమంతా డ్రైవర్ కాలి మీద పడేశారు."

పోయిన ఏడాది చల్లపల్లి లెక్చరర్ గారి పాత కారు వచ్చింది. థర్డ్ గేరు రింగు బిగించింది నేను. దాని లోపల సన్నటి గీతలు కనిపిస్తే, గరుకెక్కిందనుకుని ఎమెరీ పేపర్‌తో అద్దంలా మెరిసేదాకా రుద్దాను.

ఆ గీతలు ఉండేదే ఆయిల్ పొరని చీల్చి చక్రాన్ని పట్టుకోవడానికి.

బెంజ్ సర్కిల్ దాటకముందే కారు గర్రుమంటూ వెనక్కి వచ్చింది. లెక్చరర్ గారు ఎగిరిపడ్డారు.

బాబాయ్ నా వైపు చూడను కూడా లేదు. "నాదే పొరపాటండీ. రేపటికి మార్చేస్తా."

లెక్చరర్ గారు వెళ్లాక బాబాయ్ గేర్‌బాక్సు విప్పి, ఆ రింగు నా చేతిలో పెట్టి, "గిన్నెలు తోమినట్టు తోమావేంటే!" అని నవ్వారు.

"నేనే చేశానని చెప్పేస్తాను బాబాయ్."

"నోరు మూసుకో. నేనొక మాట పడ్డా షెడ్డు నడుస్తది. ఆడపిల్ల పాడుచేసిందంటే ఇక నీ చేతికి ఎవడూ బండివ్వడు."

మూసుకున్నాను.

నిన్న సమాధి దగ్గర ఆ లెక్చరర్ గారే పక్కాయనతో అన్నారు. "మంచి పనివాడండీ. చివర్లోనే కాస్త చెయ్యి తప్పింది."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

సార్, మీరు ఇది చూస్తారని తెలుసు. ఆ రింగు పాడుచేసింది నేను. ఇంకా నా బ్యాగులోనే ఉంది, తెచ్చి చూపిస్తాను. బాబాయ్ చెయ్యి తప్పలేదు. ఇది చదివాక నాకు బండి ఇవ్వాలో వద్దో మీ అందరి ఇష్టం.

బాబాయ్, నువ్వు వద్దన్న మాట చెప్పేశాను. కోప్పడకు.

ఇక నిమ్మళంగా పడుకో.