కొత్త కెర్నెల్‌కు ముహూర్తం

విఘ్నేశ్వరునికి వందనమాచరించి, స్వభాను సంవత్సర ఫాల్గుణ బహుళ దశమి నాటి ఒక పెద్దమనిషిని స్మరిస్తున్నాను. బెజవాడలో మా పంచాంగం అచ్చయ్యే ప్రెస్సులో కంప్యూటరు ఆయన అధీనం. ఆ లైనక్సు యంత్రాన్ని కొన్ననాటినుండి ఒక్కసారీ ఆపలేదన్నది ఆయన కీర్తి. ఎవరు గదిలో అడుగుపెట్టినా, "ముట్టకండి" అంటూ స్విచ్చుకు అరచెయ్యి అడ్డుపెట్టేవారు.

కొత్త ప్రింటరును యంత్రంలోని పాత కెర్నెల్ గుర్తించలేదు. యంత్రాన్ని నడిపే ఆ మూల ప్రోగ్రాము కొత్తది ఆయన ఎక్కించారు. అయినా ఒక్క పుట అచ్చుకాలేదు, ఉగాది ముంచుకొస్తోంది.

"ఎక్కించానన్నారుగా, మరేంటండీ?" అన్నాడు యజమాని.

"ఎక్కిందండీ. పనిలోకి దిగాలంటే యంత్రాన్ని ఓసారి ఆపి లేపాలి."

"ఆపండి మరి!"

"ఎలా ఆపనండీ? ఆగకుండా నడిచిన ఇన్నేళ్ళ లెక్క సున్నా అయిపోదూ!"

యజమాని నావంక తిరిగాడు. "పంతులుగారూ, మీరైనా ముహూర్తం పెట్టండి."

ద్వాదశి పెట్టాను. ఆయన నిరుడు మేము అచ్చువేసిన పంచాంగమే తిరగేసి, వర్జ్యమన్నారు. త్రయోదశి తన నక్షత్రానికి పడదన్నారు. చతుర్దశి రిక్త తిథి, పనికిరాదన్నారు. చివరకు వేరే తిథి మిగలక, అమావాస్యనాడు కళ్ళు మూసుకొని మీట నొక్కారు. నిమిషంలో యంత్రం లేచింది, ప్రింటరు కదిలింది. మేము చప్పట్లు కొడుతూండగా, ఆయన తువ్వాలు భుజాన వేసుకొని కృష్ణలో మైలస్నానానికి బయలుదేరారు.

తారణ సంవత్సర చైత్ర శుద్ధ విదియ నాడు, అనగా ఉగాది మర్నాడు, మా పంచాంగం అంగళ్ళకు చేరింది.