మొగిలి ఘాటులో మూడో గేరు

మొన్న మా అల్లుడు కొత్తగా కొన్న చిన్న పికప్ బండిని ఇంటి ముందు నిలిపి, ఫోన్‌లో ఒక పట్టీ తీసి నా చేతికిచ్చాడు. ఇంజనుకు బలం పెంచే సామాన్ల పట్టీ అది. టర్బో ఒత్తిడి పెంచేవి, పొగగొట్టాన్ని వెడల్పు చేసేవి, ఇంజను లోపలి కంప్యూటరుకు కొత్త లెక్కలు నేర్పేవి, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. "వీట్లో యాది ఏయించమంటావు మామా?" అని అడిగాడు. నేను కళ్ళద్దాలు సరిచేసుకుని పైనుంచి కిందిదాకా చూసి, "ముందు రేడియేటరు పెద్దది పెట్టించుకో, తక్కినవి తర్వాత సూస్తాం" అన్నాను. అతను నవ్వేసి లోపలికి పోయాడు గానీ, నా మనసు మాత్రం పాతికేళ్ళు వెనక్కి నడిచి మొగిలి ఘాటు మలుపులో ఆగిపోయింది. ఒక బండిని నమ్ముకుని సంసారం ఈదిన నా ఈడు వాళ్ళకైతే ఈ సంగతి చెప్పుకోవచ్చు. మరొకరికి చెప్పాలంటే నాకిప్పటికీ సిగ్గే.

నాకూ, మా ఆవిడ అక్కగారి భర్తకూ, అంటే మా తోడల్లుడికీ, ఒకే ఏడు ఒకే రకం పికప్ బండ్లు వచ్చాయి. రంగు కూడా ఒకటే. బంగారుపాళ్యం దగ్గర మా మామగారికి బేనీషా మామిడితోట ఉండేది. ఆ కాయలను సగం నా బండిలో, సగం ఆయన బండిలో ఎక్కించుకుని, మొగిలి ఘాటు ఎక్కి, పలమనేరు దాటి కర్ణాటక మండీకి చేర్చడం ఎండాకాలమంతా మా పని. ఇద్దరం కలిసే బయలుదేరేవాళ్ళం. ఎక్కుడు మొదలు కాగానే నా బండి మూలుగుతూ రెండో గేరుకు దిగేది. ఆయన బండి మూడో గేరులోనే, అదే బరువుతో, ఏమీ పట్టనట్టు నన్ను దాటి పోయేది. దాటేటప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మెల్లగా రమ్మన్నట్టు ఊపేవాడు. అది ఆదరంతో ఊపిన చెయ్యేనని ఈనాడు తెలుసు. ఆనాడు మాత్రం ఆ చేతిని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

విచిత్రమేమిటంటే, పలమనేరు దాటి రోడ్డు చదునుగా మారాక నేనే ఆయన్ను దాటేవాణ్ణి. అదైనా నాకు ఊరట కాలేదు. నామీద జాలిపడి కావాలనే వేగం తగ్గిస్తున్నాడనుకుని, ఇంకా ఎక్కువగా కుమిలిపోయేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం మామగారింట్లో అందరూ భోంచేసి నడుం వాల్చిన వేళ, నేను దొంగలాగా బయటికి వచ్చి ఆయన బండి బానెట్ ఎత్తాను. పంపు, గొట్టాలు, బెల్టు, ఒక్కొక్కటీ వేలుపెట్టి తడిమి చూశాను. అన్నీ నా బండిలో ఉన్నవే. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. "ఏమయ్యా, మా బావ బండిలో ఏం పోగొట్టుకున్నావు?" అంది. నేను బానెట్ దించేసి, చేతుల మసి తుడుచుకున్నాను. ఆమె లోపలికి పోయింది గానీ, ఆ చూపు నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆ వారమే మామగారు అందరి ముందూ, "పెద్దల్లుడి బండి గుర్రమప్పా. కాయ వాడిపోకుండా చేరస్తాది. వచ్చే ఏడు తోటంతా ఆయనకే ఏస్తే సరిపోతాది" అన్నారు. తోట కాయ పోతే నా ఎండాకాలం పోయినట్టే. అయితే నిజం చెప్పాలంటే, నన్ను పొడిచింది బాడుగ పోతుందన్న భయం కాదు, గుర్రం అన్న ఆ ఒక్క మాట.

మర్నాడే చిత్తూరులో డీజిలు పంపులు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి పోయాను. నెమ్మదైన పెద్దమనిషి. నేను చెప్పిందంతా విని, గోనెసంచి మీద కొన్ని సామాన్లు పరిచి, ఒక్కొక్కటీ చేత్తో ముట్టి వివరించాడు. "పంపు మర తిప్పి డీజిలు ఎక్కువ పంపుదాం. దానికి తగిన గాలి కావల్ల, అందుకు ఈ టర్బో. ఈ రెండూ ఏస్తే వేడి పెరుగుతాది, అందుకు పెద్ద రేడియేటరు. ఒకటి ముట్టుకుంటే మూడూ ముట్టుకోవల్లప్పా. లేదంటే దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాడు. నాకు టర్బో ఈల వేస్తుందని తెలుసు. పొగగొట్టం వెడల్పు చేస్తే బండి గర్జిస్తుందనీ తెలుసు. రేడియేటరుకు శబ్దం లేదు, దాటిపోయేవాడికి అది కనబడదు. "నీళ్ళదానికి తర్వాత వస్తాలే" అన్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు గానీ, నా పట్టుదల చూసి నేను కోరిందే బిగించాడు.

తర్వాతి లోడుకు నేను ఘాటు ఎక్కిన తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మూడో గేరు, టర్బో ఈల, వెనకాల నల్లటి పొగ. ఆ పొగలో మా తోడల్లుడి బండి మసకబారి కనిపిస్తుంటే, దేవుడి సాక్షిగా, జీవితంలో అంత సంతోషం నాకు మళ్ళీ రాలేదు. ఆ సంతోషం మూడు మలుపులు నిలిచింది. వేడి ముల్లు ఎర్రగీత దాటిందని చూసి కూడా కాలు తియ్యలేదు. నాలుగో మలుపులో బుస్సుమని ఆవిరి లేచింది, ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంజను పైభాగానికి బిగువుగా ఉండే హెడ్డు గ్యాస్కెట్ కాలిపోయింది.

ఆయన బండి వచ్చి నా వెనకే ఆగింది. తిడతాడేమోనని, నవ్వుతాడేమోనని చూశాను, రెండూ చెయ్యలేదు. మండీలో వేలం పాట మొదలయ్యేలోపు కాయ చేరాలని, ఆ ఎండలో నా పెట్టెలు ఎన్ని పడితే అన్ని తన బండి మీదికి ఎక్కించి, తాళ్ళు బిగించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంత బరువుతోనూ ఆ బండి, రెండో గేరులోనే అయినా, ఆగకుండా ఎక్కుతూ పోయింది. నేనిక ఉండబట్టలేక అడిగేశాను.

"ఇంజనుకు ఏం చేయించినావన్నా?"

"ఇంజన్ని నేను ముట్టుకోనే లేదప్పా. యెనక ఇరుసులో పళ్ళచక్రం మార్పించినా. చదునులో పరుగు తగ్గతాది, ఎక్కుడుకు బలం వస్తాది. అంతే."

"మరి నాతో ఒక మాటన్నా చెప్పలేదే?"

ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "నువ్వెప్పుడన్నా అడిగినావా?" అన్నాడు.

తర్వాత ఆయనే నన్ను మేస్త్రీ దగ్గరికి తోడుకునిపోయి, టర్బో తీయించి, రేడియేటరు, పళ్ళచక్రం దగ్గరుండి మార్పించాడు. మామగారు మరుసటి ఏడు తోటంతా తనకే ఇస్తానంటే, "తమ్ముడికి సగం లేకుంటే నాకూ వద్దు" అన్నాడట. మా ఆవిడ ఆ సంగతి కళ్ళనీళ్ళతో చెప్పింది. నేను కరిగిపోయాననుకుంటారేమో. లేదు. బండిలో నాకంటే ముందున్నవాడు మంచితనంలో కూడా ముందు పోయాడే అని, అంతకు ముందుకంటే ఎక్కువగా అసూయపడ్డాను. ఆ మంట చల్లారడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. బండ్లు కంపెనీలోనే బలం నింపుకుని వస్తున్నాయి. బానెట్ ఎత్తితే ఒక నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప తడిమి చూడటానికి ఏమీ ఉండదు. ఎవరి బండి ఏ గేరులో ఎక్కుతోందో పక్కవాడికి వినబడదు, వినాలన్న ధ్యాస కూడా ఎవరికీ లేదు. మా తోడల్లుడు మోకాళ్ళ నొప్పులతో బండి అమ్మేసి, తిరుపతిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. అమ్మిన రోజు ఫోన్ చేసి చెప్పాడు. ఆ వార్త వినగానే, ఇక ఘాటులో నన్ను దాటేవాడు లేడని, ఒక్క క్షణం నా గుండె తేలికపడిన మాట నిజం. ఆ వెంటనే, ఇక ఎవరిని దాటాలని బండి తియ్యాలో తోచక, తాళం చెవి చేతిలో పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను.