అద్దాల గదికి గాలిమర

డెబ్బైల నడుమ బాపట్లలో వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి, విజయవాడలో ఒక విత్తనాల కంపెనీలో చేరాను. ఆదివారాలు చల్లపల్లి దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్లేదాన్ని. పక్కింట్లో రిటైరైన టీచరు గారు ఉండేవారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పినావిడ. భర్త పోయాక మొక్కల్లో పడ్డారు. కూల్చేసిన బంగళా కిటికీలు కొని, పెరట్లో అద్దాల గది కట్టించి, అందులో గులాబీ, క్రోటన్ కొమ్మలకు వేళ్లు పట్టించేవారు.

వేసవిలో ఆ గది కాగిపోయేది. ఫ్యాను పెట్టించారు గానీ, సరిగ్గా మిట్టమధ్యాహ్నమే కరెంటు పోయేది. ఒక ఆదివారం నన్ను పిలిచి కాగితం మీద గీసిన గాలిమర బొమ్మ చూపించారు.

"దీంతో ఫ్యాను తిప్పొచ్చంటావా అమ్మాయీ?"

"మధ్యాహ్నం ఆకు కూడా కదలదు కదండీ. సముద్రపు గాలి వచ్చేది సాయంత్రానికి," అన్నాను.

ఆవిడ బొమ్మ పక్కనే పెన్సిలుతో ఒక తొట్టి గీశారు. "అయితే సాయంత్రం గాలితో నీళ్లు తోడి పైన దాచుకుందాం. మధ్యాహ్నం వాడుకుందాం," అన్నారు. నా చదువుకు తట్టని మాట అది.

ఎడ్లబండి చక్రాలకు పట్టాలు వేసే కమ్మరి చేత రేకుల గాలిమర చేయించి, చేతి పంపుకు తగిలించారు. ఇటుక దిమ్మె మీద తొట్టి కట్టించారు. అందులోంచి చిల్లుల గొట్టం గుండా నీళ్లు కిటికీలకు లోపలివైపు కట్టిన వట్టివేళ్ల తడికల మీద కారేవి. మొదటి రోజు లోపల అడుగుపెట్టగానే ఒళ్లు చల్లబడింది.

ఆ సంతోషంలో నేనొక సలహా ఇచ్చాను. "చల్లదనం బయటికి పోకుండా కిటికీలన్నీ మూసేయండి. సందుల్లో గుడ్డలు కుక్కండి. కొమ్మలకు తేమ ఎంత ఉంటే అంత మంచిదండీ."

ఆవిడ ఒకసారి తడికల వంక చూసి, గుడ్డల కోసం పాత చీర చింపారు.

రెండు వారాల తర్వాత వెళ్లేసరికి కొమ్మలు మొదళ్ల దగ్గర నల్లబడి ఉన్నాయి. గదిలో బూజు వాసన. కదలని గాలిలో తడికలు తడిగా ఉన్నా చల్లబరచడం మానేశాయి. ఒక కొమ్మ లాగితే మెత్తగా చేతిలోకి వచ్చేసింది.

"నాకు మొదటే అనుమానం వచ్చింది," అన్నారు టీచరు గారు. "తడిబట్ట గాలి తగిలితేనే కదా ఆరుతుంది."

"మరి చెప్పలేదేమండీ?"

"చదువుకున్నదానివి, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో. తలవంచుకుని గుడ్డలన్నీ పీకేశాను. కుళ్లిన కొమ్మలు ఏరి కాల్చేశాం, కుండీల్లో ఇసుక మార్చాం. పైకప్పులో రెండు అద్దాలు తీయించి, కర్రతో ఎత్తి దించేలా చెక్క మూతలు పెట్టించారు. వేడిగాలి పైనుంచి పోతుంటే, తడికల్లోంచి చల్లగాలి లోపలికి రావడం మొదలైంది.

ఆ ఏడు మళ్లీ నాటినవాటిలో సగానికి పైగా చిగురించాయి. ఎండ ముదిరిన రోజున ఏ మూత ఎంత ఎత్తాలో ఆవిడే చూసుకునేవారు. నేను పక్కన నిలబడి నేర్చుకునేదాన్ని. తర్వాత ఉద్యోగంలో రైతులెవరైనా సలహా అడిగితే, నా మాట చెప్పాక, "మీకేమనిపిస్తోందండీ?" అని అడగడం అలవాటైంది. కొందరు మొహమాటపడి ఏమీ చెప్పేవారు కాదు. చెప్పేదాకా నేను కదిలేదాన్ని కాదు.