పాలసీ కాగితం, మా వదిన కన్ను

మా ఆయన నాచారం ఫ్యాక్టరీలలో వ్యాన్లు నడిపి రిటైరైన మనిషి. వయసంతా ఊరి సరుకు మోయడానికే ఇచ్చాడు, సొంతానికి మాత్రం సైకిలే మిగిలింది. అరవై దాటాక ఎవరిదో పాత కారు కొన్నాడు. ఈ వయసులో ఎందుకయ్యా అంటే, "అక్కను దవాఖానకు తీస్కపోత" అన్నాడు. ఇంకేం అంటాం?

ఆ అక్క నాకు వదిన. రామంతాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. రెండు కళ్లల్లోనూ శుక్లాలు ముదిరాయి. చాయ్ గ్లాసులో పోస్తున్నాననుకుని గట్టు మీద పోస్తుంది. మనిషిని గొంతు బట్టి గుర్తుపట్టి, చూసి గుర్తుపట్టినట్టు నటిస్తుంది. ఏఎస్ రావు నగర్ డాక్టరు రెండుసార్లు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. రెండుసార్లూ ఎగ్గొట్టింది. ఒకసారి దగ్గు, ఒకసారి అమావాస్య. ఇంకా ఆలస్యం చేస్తే కష్టమని డాక్టరు కోప్పడ్డాక మూడో తేదీకి ఒప్పుకుంది, అదీ షరతు మీద.

"నా తమ్ముని కారుల అయితేనే వస్త. ఆటో కుదుపులకు ఉన్న కన్ను గూడ ఊడి పడ్తది."

మా వైపు ఇంటికి బండి వస్తే ముందు ఆడబిడ్డ బొట్టు పెట్టాలి, ముందు ఆమే ఎక్కి కూర్చోవాలి. అందుకని అమ్మినాయన తెచ్చి గేటు లోపల పెట్టిపోయిన కారులో నేను కూడా ఎక్కలేదు. మా ఆయన ఒక్కడే రోజూ పొద్దున ఎక్కి, స్టార్ట్ చేసి, కాసేపు ఇంజన్ చప్పుడు విని దిగేవాడు. గేటు దాటించేవాడు కాదు. ఆర్సీ ఆయన పేరుకు మారింది గానీ, పాత ఇన్సూరెన్స్ గడువు అయిపోయింది. ఏజెంటు వచ్చి కారుకు నాలుగు వైపులా ఫోటోలు తీసుకుని, పాలసీ పోస్టులో వస్తుందని చెప్పి వెళ్లాడు.

అది రాలేదు. వదిన మాత్రం రోజూ ఫోన్ చేసింది.

"పేపరొచ్చిందా తమ్మీ?"

"ఇంకా రాలేదక్కా."

"రాకపోతె రాకపాయె తియ్. తొందరేముంది? డాక్టరు యాడికి పోతడు?"

ఆ గొంతులో సంబరం నాకు వినిపించేది, ఆయనకు వినిపించేది కాదు. తమ్ముడు కాగితం లేనిదే చక్రం కదపడని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లు బండి నడిపి ఒక్క చలాను కట్టని మనిషి. ఆయన నిజాయితీని అడ్డం పెట్టుకుని ఆమె కన్ను దాచుకుంటోంది.

తెల్లారితే ఆపరేషన్ అనగా ఆయన ఫోన్ మోగింది. ఏదో బేరం మెసేజ్ అనుకుని పక్కన పెట్టాడు. నేను తీశాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఇంగ్లీషులో పెద్దక్షరాలు, అంకెలు మాత్రమే పోల్చుకోగలను. ఆయన పేరు కనబడింది, మా బండి నంబరు కనబడింది. ఏజెంటుకు ఫోన్ కొట్టాను.

"అదే పాలసీ అమ్మా. పోస్టుల వచ్చేది గూడ గిదే," అన్నాడు.

మా ఆయన నమ్మలేదు. "ఫోన్ల బొమ్మను కాగితమంటడా వాడు? రేపు పోలీసు ఆపితే అక్కను రోడ్డు మీద నిలవెట్టాలె. ముఖం యాడ వెట్టుకోవాలె?"

"అయితే పోలీసునే అడుగుదాం, నడువు," అన్నాను.

"పాగల్ అయినవా ఏందే?"

పాగలో గీగలో, లాక్కుని ఆటో ఎక్కించాను. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కింద నీడన ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నేరుగా పోయి ఫోన్ ముందుపెట్టాను.

"సారూ, పాలసీ కాగితం ఇంటికి రాలేదు, ఫోన్లకు వచ్చింది. గీ పెద్దమనిషి కారు తియ్యొచ్చునా తియ్యొద్దా? గదొక్కటి జెప్పు."

అతను మా వెనక్కి చూశాడు. "కారేదమ్మా?"

"ఇంట్ల ఉంది."

కానిస్టేబుల్ నవ్వాపుకోలేకపోయాడు. "మమ్మల్ని జూసి బండి మలుపుకొని పోయెటోళ్లనే జూసిన గానీ, బండి ఇంట్ల వెట్టి అడగనీకె వచ్చినోళ్లను జూళ్లే." ఫోన్ తీసుకుని వేలితో పైకీ కిందికీ జరిపాడు. "పక్కా పాలసీనే పెద్దాయనా. ఎవలన్న ఆపితే లైసెన్సు, ఆర్సీతోటి గిది సూపియ్యి, సాలు. మా మిషన్ల ఎక్కనీకె ఒకట్రెండు దినాలు పడ్తది, దానికి ఫికర్ జెయ్యకు."

మా ఆయన మొహం విచ్చుకుంది. "అయితే ఇప్పుడే పోయి అక్కను తెచ్చుకుంట."

"ఆగు, ఆగు," అన్నాడు కానిస్టేబుల్. "ఈడ సూడు, పాలసీ ఈ రాత్రి పన్నెండు దాటినంకనే షురూ అయితది. అప్పటిదాంక బండి ముట్టకు."

మరుసటి పొద్దున రామంతాపూర్ గల్లీలో కారు, దాని వెనకే నేనెక్కిన ఆటో ఆగేసరికి వదిన గడపలోనే నిలబడిపోయింది.

"పేపరొచ్చిందా?" అంది, దొరికిపోయిన దొంగలా.

"పోలీసునే అడిగొచ్చినం," అన్నాను. "రా, బొట్టు వెట్టు."

బొట్టు అద్దంమీద పెట్టబోయి తలుపుకు పెట్టింది. మా ఆయన ఆమె చేయి పట్టుకుని కుంకుమ సరిగ్గా పెట్టించాడు. ముందు సీట్లో కూర్చుంది. నేను వెనకాల. ఉప్పల్ దాటి నాచారం మీదుగా పోతున్నంతసేపూ ఆయన పెళ్లిబండి నడిపినట్టు నడిపాడు. గుంత కనబడితే చాలు, "అక్కా, గట్టిగ పట్టుకో" అనేవాడు. మా వదిన నోరు మూసుకున్న ప్రయాణం నా కాపురంలో అదొక్కటే.

దవాఖాన ముందు కారు ఆపినా దిగలేదు.

"జరసేపు కూసుంట తమ్మీ. సీటు మెత్తగుంది."

ఆయన ఇంజన్ ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కనే కూర్చుండిపోయాడు. తొందరపెట్టలేదు. వెనక నుంచి నేనే అన్నాను:

"వదినా, భయమైతుందని జెప్పరాదు? మేం ఏమన్న నవ్వుతమా?"

"అయితుంది," అంది చిన్నగా. "మస్తు అయితుంది. కత్తి కన్నుకు పెడ్తరంట."

"నాకు గూడ అయితుందక్కా," అన్నాడు ఆయన. "నేను ఈడనే ఉంట. యాడికి పోను."

వదిన చెవుల కమ్మలు తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. తలుపు తెరవడం చేతగాక తడుముకుంటుంటే ఆయన చుట్టూ తిరిగొచ్చి తెరిచాడు. తమ్ముడి భుజం పట్టుకుని మెట్లెక్కింది. నర్సు గట్టిగా ఆమె పేరు పిలిస్తే, "వస్తున్న బిడ్డా, ఒర్రకు" అంటూ లోపలికి పోయింది.